కుక్కను తెచ్చుకునే పద్ధతి, వదిలించుకునే ఉపాయం

బుక్కపట్నంలో నీళ్లకు కరువు రావచ్చు గానీ సలహాకు రాదు. బుక్కరాయల కాలం నాటిదని చెప్పుకునే మా చెరువు నిండాలంటే చిత్రావతి పారాలి, లేదా హంద్రీ-నీవా కాలువ కరుణించాలి. సలహాకు ఆ ఇబ్బంది లేదు. కట్ట మీద ఇద్దరు కూర్చుంటే చాలు, దానంతట అదే పారుతుంది.

ఈమధ్య ఆ పారకం కుక్కల మీదికి మళ్లింది. కారణం లేకపోలేదు. పక్కనే పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఉంది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన క్లెమెంటీన్ పావ్స్ స్థాపించిన సంస్థ. బండి కింద పడి కాలు విరిగినవి, గజ్జి పట్టి వెంట్రుకలు రాలినవి, తల్లి పోయిన పిల్లలు ఇలాంటి చోట్లకు చేరతాయి. మందూ మాకూ పడ్డాక లేచి నిలబడతాయి. నిలబడ్డ కుక్కకు ఇల్లు కావాలి. ఇల్లున్న మనిషికి సలహా కావాలి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వాస్తవ్యులకు కూడా పనికొచ్చేలా, కట్ట మీది పెద్దమనుషులు చెప్పినవన్నీ ఇక్కడ వరసగా పెడుతున్నాం.

1. అసలు దత్తతే వద్దు, హస్కీని కొనండి

ఊరికే వచ్చినదానికి విలువుండదు. 2025 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ వాళ్లు జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టారు. పైసా తీసుకోకుండా ఇచ్చే కుక్కను పట్టుకొని వీధిలో నడిస్తే మీ హోదా ఏం కావాలి? అప్పు చేసైనా సైబీరియన్ హస్కీని కొనండి. మంచులో బండి లాగడానికి పెంచిన జాతి. మూరెడు బొచ్చు. మన అనంతపురం సీమలో ఏప్రిల్ దాటితే ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి దానికి ఏసీ గది కావాలి. గదిలో అది, బయట నులకమంచం మీద మీరు. రెండో నెల కరెంటు బిల్లు వచ్చాక పదో సలహా చదవండి.

నాటుకుక్కకు ఇలాంటి వైభోగం ఏదీ అక్కర్లేదు. వెంట్రుక పొట్టి, ఒళ్లు తేలిక, ఈ ఎండకు తరతరాలుగా అలవాటు పడిన శరీరం. ఏ ఖర్చూ పెట్టించని ప్రాణితో గొప్పలు చెప్పుకోవడం కష్టం.

2. దత్తతే అంటారా, ఫొటో చూసి ఎంచుకోండి

షెల్టరుకు పోవద్దు. పోతే అక్కడివాళ్లు ఆ కుక్క గుణం, దాని భయాలు, పిల్లలతో ఎలా ఉంటుందో అన్నీ చెప్పేస్తారు. ఫోన్లో చూసి తెల్లగా, బొద్దుగా, మగపిల్లగా ఉన్నదాన్ని అడగండి. ఆడపిల్ల వద్దనండి. మన ఊళ్లలో చెత్తకుప్పల పక్కన గోనెసంచిలో దొరికే కుక్కపిల్లల్లో ఆడవే ఎక్కువ ఎందుకుంటాయో ఎవరూ ఆలోచించరు, మీరూ ఆలోచించొద్దు. నల్లది అసలే వద్దు. కాలభైరవుడి పక్కన ఉంటే గుళ్లో దండం పెట్టుకోండి, ఇంట్లోకి మాత్రం రానీయకండి.

పెద్ద కుక్కనూ తీసుకోవద్దు. అదెంత పెరుగుతుందో, ఎంత మొరుగుతుందో, ఎవరితో ఎలా మెలుగుతుందో ముందే తెలిసిపోతుంది. పిల్లనైతే ఏం తెలియకుండా తెచ్చుకోవచ్చు. ఇక మూడు కాళ్ల కుక్క మాట ఎత్తొద్దు. వచ్చినవాళ్లంతా "అయ్యో పాపం, కాలేమైంది సామీ?" అని అడుగుతారు, మీరు జవాబు చెప్పుకోలేక చావాలి. కాలు పోయిందని ఆ కుక్కకు మాత్రం ఏ దిగులూ ఉండదు. ఆపరేషనైన కొద్ది వారాలకే మిగిలిన మూడింటి మీద బరువు సర్దుకొని పిల్లుల్ని తరుముతుంది. ఆ సంగతి చుట్టాలకు చెప్పినా నమ్మరు.

3. ఇంట్లోవాళ్లకు ముందు చెప్పొద్దు

చెబితే వద్దంటారు. సంచిలో పెట్టుకొని నేరుగా వాకిట్లో దించండి.

"ఏందిరా అది?"

"కుక్కపిల్ల మా."

"ఎవురు సాకుతారు దాన్ని?"

"నేనే."

ఈ "నేనే" అంటే ఎవరో ప్రతి తల్లికీ తెలుసు. మర్నాటి నుంచి బువ్వ పెట్టేది ఆమె, కసువు ఊడ్చేది ఆమె, రాత్రి వాన పడితే లేచి లోపలికి తెచ్చేది ఆమె. మీరు ఫొటోలు తీయాలి. అది కూడా పనే కదా.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు సలహా ఇంకా సులువు. ఇంటి యజమానికి చెప్పనే వద్దు. రాత్రి రెండు గంటలకు అది మొరిగినప్పుడు ఆయనకు తెలుస్తుంది. పెనుకొండ చుట్టుపక్కల ఉద్యోగాల కోసం వచ్చి, ఏడాది రెండేళ్లకు బదిలీ మీద పోయేవాళ్లు అయితే మరీ మంచిది. కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది గదా అని ఎవరన్నా గుర్తుచేస్తే, "అప్పటికి చూసుకుందాం లే" అనండి.

4. వచ్చిన పూటే ఊరందరికీ చూపించండి

షెల్టర్ల వాళ్లు 3-3-3 అని ఒక లెక్క చెబుతారు. కొత్త ఇంట్లో కుక్కకు బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అన్న ధీమా కుదరడానికి 3 నెలలు పడుతుందట. కొన్నిటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చంటారు. అంత ఓపిక మనకెక్కడిది? మొదటి రోజే వీధిలోని పిల్లలందరినీ పిలవండి. అది మంచం కిందకి దూరితే కాలు పట్టి బయటికి లాగండి. తినకపోతే పొగరనుకోండి. మూలన నక్కి వణుకుతుంటే డీజే పాట పెట్టండి, హుషారొస్తుంది.

చీపురు చూడగానే ముడుచుకుపోయిందంటే ఎవరో ఎప్పుడో దాంతో కొట్టారని అర్థం. భయం పోవాలంటే చీపురును రోజూ దాని ముఖం ముందు ఆడించండి. తెలివితక్కువవాళ్లు మాత్రం చీపురును కనపడకుండా పెట్టి, పక్కన నేల మీద కూర్చొని, చేతిలో ఇంత గుడ్డుముక్క పట్టుకొని, అదే వచ్చేదాకా చూస్తారు. అది వచ్చిన రోజు వాళ్లు పడే ఆనందం చూస్తే మనకు నవ్వొస్తుంది.

5. డాక్టరు దగ్గరికి పోవద్దు

షెల్టరువాళ్లు టీకాల చీటీ ఒకటిస్తారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపరు, పార్వోలకు మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా గుర్తుపెట్టుకొని వేయించడం, ఇదంతా బడికి పిల్లాణ్ణి పంపినంత పని. పార్వో వస్తే రక్తపు విరేచనాలై నాలుగైదు రోజుల్లో పిల్ల పోతుంది. పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు, షెల్టరు పక్కనే కదా.

పిడుదులు పట్టాయా? చెనిక్కాయ చేనుకు కొట్టగా మిగిలిన పురుగుల మందు ఉండే ఉంటుంది, అదే ఒళ్లంతా పూయండి. పిడుదులు చస్తాయి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి అది కూడా చస్తుంది. పిడుదుల వల్ల జ్వరం వస్తుందనీ, చిగుళ్లు పాలిపోయి, ముక్కు వెంట రక్తం కారేదాకా పోతుందనీ, వేళకు చూపిస్తే మందులతో నయమవుతుందనీ పశువుల డాక్టరు చెబుతాడు. ఆయన చదువుకున్నాడు కాబట్టి చెబుతాడు. మన కట్ట మీద చదువు లేకుండానే చెప్పేవాళ్లు ఇంతమంది ఉన్నారు.

కుటుంబ నియంత్రణ ఆపరేషను ఊసే వద్దు. "మూగజీవం, దానికీ సంసారం ఉండొద్దా?" అని అడగండి. "ఆడకుక్కకు ఒక్క కాన్పన్నా కావాల" అని గట్టిగా చెప్పండి. అది నిజం కాదని ఏ పశువైద్యుణ్ణి అడిగినా తెలుస్తుంది కాబట్టి అడగొద్దు. చూలు నిలిచాక దాదాపు 63 రోజులకు ఈత, ఏడాదికి రెండుసార్లు ఎదకు రావడం, ఈతకు నాలుగైదు పిల్లలు. ఏడాది తిరిగేసరికి మీరు కుక్కల దాత అయిపోతారు. ఆపరేషను చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదనీ, రొమ్ముగడ్డల ముప్పు తగ్గుతుందనీ ఎవరైనా అంటే, "దేవుడున్నాడు" అని లేచి పోండి.

6. మనం తిన్నదే పెట్టండి

పొద్దున ఉగ్గాని, ఉల్లిగడ్డ దండిగా వేసి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను విరిచేస్తాయన్నది డాక్టర్ల పట్టింపు. మధ్యాహ్నం చారన్నం, కారం ఎక్కువగా. ఆదివారం కోడికూరలోని ఎముకలు. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుందంటారు, గుచ్చుకున్నప్పుడు చూద్దాం. పండక్కి ఓళిగ, పుట్టినరోజుకు చాక్లెట్ కేకు, చేతిలో ఉంటే నాలుగు ద్రాక్షపళ్లు. చాక్లెట్, ద్రాక్ష దానికి విషమన్న సంగతి పుట్టినరోజు ఫొటోలో కనపడదు. ఉప్పూ కారం లేని అన్నంలో ఉడకబెట్టిన గుడ్డో, ఎముక తీసిన కోడిముక్కో కలిపి వేళకు రెండుపూటలా పెట్టేవాళ్లను పిసినారులనాలి.

మిగిలినదాన్ని ప్లాస్టిక్ కవరులో ముడివేసి వీధి మలుపులో విసరండి, వీధికుక్కలకు పుణ్యం దక్కుతుంది. కుక్కకు చదువు లేకపోయినా కవరు చింపడం వచ్చు. ఆవుకు అదీ రాదు, కవరుతో సహా మింగుతుంది. అలా ఆవుల కడుపుల్లోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ కోసి తీసి విసిగిపోయిన ఆ కరుణ సొసైటీయే 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పుట్టపర్తి వీధుల్లోని కవరు మీద ఢిల్లీలో వ్యాజ్యం. ముడి వేసేది మనమే అయినా ఆ ఘనత మనకెవరూ ఇవ్వలేదు.

7. గొలుసు గట్టిదే కొనండి

కుక్కను తెచ్చింది ప్రేమకు కాదు, కాపలాకు. మూరెడు గొలుసు, మిద్దె మెట్ల కింద గూటం. రోజంతా కట్టేస్తే కోపం పెరుగుతుంది, కోపం పెరిగితే దొంగలు రారు. చుట్టాలూ రారు, పాలవాడూ రాడు, చివరికి బువ్వ పెట్టడానికి మీరు కూడా దగ్గరికి పోలేరు. కాపలా అంటే అదీ.

చట్టానికి భయపడొద్దు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో అదే పనిగా కట్టేయడం నేరమే. కానీ మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయలకు మించకుండా అని రాశారు. ఏనాటిదో ఆ లెక్కను చూసి ధైర్యం తెచ్చుకోండి. ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు మానేస్తే ఏడాదంతా నేరం చేయొచ్చు.

వీధికుక్క ఏ కష్టమైనా ఓర్చుకుంటుందన్న నమ్మకం మనదొక్కరిదే కాదు. మాస్కో వీధుల్లో చలికీ ఆకలికీ తట్టుకొని బతుకుతున్న లైకాను 1957 నవంబరు 3న సోవియట్ వాళ్లు స్పుత్నిక్-2లో కూర్చోబెట్టి అంతరిక్షానికి పంపారు. తిరిగొచ్చే ఏర్పాటు చేయకుండానే పంపారు. వీధి నుంచి తెచ్చిన కుక్కకు పని చెప్పడమే తప్ప తిరుగుదారి చూడనక్కర్లేదని ప్రపంచానికి తెలిసిపోయింది.

8. మిట్టమధ్యాహ్నం షికారు తీసుకెళ్లండి

పొద్దున్నే మీకు నిద్ర, సాయంత్రం సెల్‌ఫోను. మిగిలింది మధ్యాహ్నమే. కొత్తచెరువు రోడ్డు మీద తారు కరిగే వేళ చెప్పులు వేసుకొని బయల్దేరండి. కుక్కకు చెప్పుల్లేవు కాబట్టి అది గెంతుతుంది, దాన్నే హుషారనుకోండి. అది నాలుక చాపి రొప్పుతుంటే నీళ్లివ్వొద్దు, అలవాటవుతుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వరం దానికి లేదు, రొప్పే వేడి దించుకోవాలి. అందుకే కొందరు బయల్దేరేముందు అరచేతిని వెనక్కి తిప్పి కాసేపు రోడ్డు మీద ఆనించి చూస్తారు. తమ చెయ్యి ఓర్చుకోలేని చోట దాని పాదం పెట్టనివ్వరు. వాకిట్లో నీళ్ల తొట్టి కూడా పెడతారు. వాళ్లకు నీళ్ల విలువ తెలియదు.

9. తప్పు చేస్తే కొట్టండి, కరిస్తే పసుపు పెట్టండి

ఇంట్లో ఉచ్చ పోస్తే గంట తర్వాత గుర్తుచేసుకొని ముక్కు దాంట్లో రుద్ది రెండు తగిలించండి. దేనికి కొట్టారో దానికి తెలియదు, మీరొస్తే దెబ్బ పడుతుందని మాత్రం తెలుస్తుంది. ఇకపై మీకు కనపడకుండా మంచం కింద పోస్తుంది. తిన్న వెంటనే, నిద్రలేచిన వెంటనే బయటికి తీసుకెళ్లి, సరైన చోట పోసినప్పుడు మెచ్చుకుంటే కొన్నాళ్లకు నేర్చుకుంటుందన్నది కొట్టడం చేతగానివాళ్ల మాట.

కరిస్తే ఏం చేయాలో కట్ట మీద అడిగితే పసుపంటారు, సున్నమంటారు, కారప్పొడి అంటారు, పక్క ఊళ్లో నాటుమందంటారు. ఈ ఒక్కచోట మాత్రం వెటకారం పక్కనపెట్టి చెబుతున్నాం, దయచేసి ఇలాగే చేయండి. గాయాన్ని వెంటనే ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పైన ఏదీ పూయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మం పొరలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. ఇంటి కుక్కే కదా, పిల్లే కదా, గీరిందే కదా అని ఆగొద్దు.

10. విసుగు పుడితే వదిలేయండి

బదిలీ అయింది, పెండ్లి కుదిరింది, బిడ్డ పుట్టింది, హస్కీకి కరెంటు బిల్లు ఎక్కువైంది. కారణం ఏదైనా ఒకటే మార్గం. బండెక్కించి తీసుకెళ్లి ఏ కోళ్ల అంగడి ముందో దించి రండి, తిండికి లోటుండదు. అక్కడ ముందే ఉన్న కుక్కల గుంపు కొత్తదాన్ని అడుగు పెట్టనీయదనీ, రెండు రోజులకు చీల్చి పెడుతుందనీ తెలిసినవాళ్లంటారు. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కను కూడా ఆపరేషను తర్వాత పట్టుకొచ్చిన చోటే వదలాలంటాయి. మీది వీధికుక్క కాదు కదా, ఆ నియమం మీకెందుకు?

బస్టాండైతే ఇంకా మేలు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కలను తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే బస్టాండులో వదిలితే మిగతాది సర్కారే చూసుకుంటుంది. అదే కోర్టు అంతకుముందు ఆగస్టు 22న, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే పూచీ తీసుకున్నవాళ్లదేనని కూడా చెప్పింది. చెప్పింది ఢిల్లీలో. మనకూ ఢిల్లీకీ చాలా దూరం.

ధర్మం అడ్డొస్తుందా? మహాప్రస్థానంలో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. ఆ కుక్క సాక్షాత్తూ యమధర్మరాజని తర్వాత తేలింది. మీ కుక్క మామూలు కుక్క అని మీకు ఖాయంగా తెలుసు, కాబట్టి నిశ్చింతగా వదలొచ్చు. తెచ్చిన షెల్టరుకే ఫోను చేసి, "మా వల్ల కావడం లేదు, ఇంకో ఇల్లు చూడండి" అని నిజం చెప్పడం ఒక్కటే మిగిలిన దారి. అందులో పరువు నష్టం ఉంది.

సలహా వినకపోతే ఏమవుతుంది?

ఇన్ని చెప్పినా కొందరు వినరు. చీపురు దాచేవాళ్లు, నీళ్ల తొట్టి పెట్టేవాళ్లు, చీటీ చూసి తారీకు ప్రకారం టీకా వేయించేవాళ్లు, ఆపరేషనుకు సెలవు పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లింట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. బోడి ఒంటి మీద వెంట్రుక మొలుస్తుంది. ఎముకలు తేలిన డొక్క నిండుతుంది. గేటు చప్పుడుకు మంచం కిందకి దూరినది, కొన్ని నెలలకు గేటు దగ్గరే కూర్చొని ఎదురుచూస్తుంది. గొలుసు లేకుండానే కాపలా కాస్తుంది, ఎందుకంటే ఆ ఇల్లు తనదని దానికి తెలుసు. "వద్దంటే తెచ్చినాడు" అని తిట్టిన తల్లే "దానికి బువ్వ పెట్టినారా?" అని పెండ్లికి పోయిన చోటి నుంచి ఫోను చేస్తుంది. వీధిలో అది పోగొట్టుకున్నదేదీ ఆ ఇల్లు తిరిగి ఇవ్వలేదు. ఇక మీదట పోగొట్టుకోకుండా మాత్రం చూడగలదు.

పెద్దమనుషుల తరఫున చివరి మాట. పై పది సలహాల్లో ఏ ఒక్కటైనా మీకు సబబుగా తోస్తే, కుక్కను తెచ్చుకోవద్దు. రోజూ వాకిట్లో ఒక తొట్టెడు నీళ్లు పెట్టండి, మిగిలిన బువ్వను కవరులో ముడి వేయకుండా వేయండి, మీ వీధి కుక్కలకు ఆపరేషను, టీకా చేయించమని పంచాయతీని అడగండి. పదిలో ఒక్కటి కూడా మింగుడు పడకపోతే, ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లనూ వెంటబెట్టుకొని షెల్టరుకు వెళ్లండి. అక్కడ నల్లదాన్ని, ఆడదాన్ని, వయసు పైబడినదాన్ని, మూడు కాళ్లదాన్ని ముందు చూడండి. వాటిని అడిగేవాళ్లు తక్కువ.